బటన్ కంటే ముందు పాదం: ఫోర్‌బైఫోర్ బండిని మట్టిలో, రాళ్లలో, ఇసుకలో నడపడం ఎలా

పోయిన వానాకాలం తాండూరు దగ్గర, మా బంధువుల పత్తిచేను పక్క బండ్లబాటలో నా థార్ దిగబడింది. వాన వెలిసి గంట కూడా కాలేదు. ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ తిరిగే మామూలు వేగపు గేరులో ఉన్నాను. ఎలక్ట్రానిక్ సాయాలన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజిన్ రేస్ అందుకోవడం లేదు, ఎవరో గొంతు పట్టుకున్నట్టు తగ్గిపోతోంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆగకుండా మిణుకుతోంది. గట్టు మీదున్న పెద్దాయన దిగివచ్చి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో టైరు మీద గీసి చూపించాడు. "ఊకె తొక్కకు బిడ్డా. గీ టైరుకు పండ్లు ఏడున్నయ్? రేగడి మొత్తం నింపింది. గుండు లెక్క అయ్యింది సూడు."

నిజంగానే టైరు గాళ్లన్నీ నల్లమట్టితో నిండిపోయి, చేత్తో నిమిరితే నున్నగా తగిలింది.

బండిలోని కంప్యూటర్ రోడ్డు మీద చేయాల్సిన పనే చేసింది. చక్రం ఊరికే తిరుగుతోంది కాబట్టి ఇంజిన్ శక్తి తగ్గించింది. నల్లరేగడిలో మాత్రం టైరు గట్టిగా తిరిగితేనే గాళ్లలో పట్టిన మట్టి ఎగిరిపోతుంది. ఈఎస్పీ, అంటే బండి జారకుండా శక్తి తగ్గించే ఆ ఎలక్ట్రానిక్ ఏర్పాటును ఆఫ్ చేశాను. 'ఫోర్ లో' అనే, బలం ఎక్కువ వేగం తక్కువ ఉండే గేరుకు మార్చి, రెండో గేరు వేసి, స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ ఆడిస్తూ నిలకడగా తొక్కాను. మట్టిపెళ్లలు మడ్‌గార్డుల కింద దబదబా కొట్టుకున్నాయి. ఐదారు గజాలు పోయాక టైరుకు గట్టినేల దొరికింది.

కొత్తగా థార్, జిమ్నీ, గూర్ఖా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి?" అని. ఈ సాయాలన్నీ చక్రం జారడం మొదలయ్యాకే మేలుకుంటాయి. జారకముందు చేయాల్సిన పని, అంటే దారి చూడటం, గాలి తీయడం, గేరు ఎంచుకోవడం, చక్రం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం, అదంతా మీదే. ఆ పని సరిగ్గా చేసినవాడికి ఎలక్ట్రానిక్స్ గొప్ప తోడు. చేయనివాడిని అవి ఇంకాస్త లోతుకు తీసుకెళ్లి వదిలేస్తాయి. అందుకే నేర్చుకునే వరస కూడా అలాగే ఉండాలి.

మొదటి అడుగు: మీ బండిలో ఏముందో తెలుసుకోండి

ఓనర్స్ మాన్యువల్ తీసి మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఫోర్ లో గేరు ఉందా? డిఫరెన్షియల్ లాక్ (ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పేది) ఉందా, ఉంటే ఏ ఇరుసుకు? ఈఎస్పీ ఆఫ్ చేస్తే ఏది ఆగుతుంది, ఏది పనిచేస్తూనే ఉంటుంది?

2020లో వచ్చిన థార్ ఫోర్‌బైఫోర్‌లో కొన్ని వేరియంట్లకు వెనక ఇరుసులో మెకానికల్ లాక్ ఉంది. రెండు వెనక చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తే అది దానంతటదే పడుతుంది, దానికి బటన్ ఉండదు. 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీలో లాక్ లేదు, ఆ పనికి బ్రేకులనే వాడుకుంటుంది. గూర్ఖాలో ముందూ వెనకా రెండిటికీ డ్రైవరే వేసుకునే లాక్‌లున్నాయి. మూడూ మంచి బండ్లే, కానీ ఒకే రాయి మీద ముగ్గురు డ్రైవర్లూ వేరువేరుగా తొక్కాలి. ఇది తెలియకుండా వీడియోలు చూసి నేర్చుకుంటే జిమ్నీ యజమాని గూర్ఖా పాఠం నేర్చుకుంటాడు.

ఫోర్ లో వేస్తే చక్రానికి అందే బలం బండిని బట్టి రెండు, రెండున్నర రెట్లు అవుతుంది. వేగం అంతే తగ్గుతుంది. వేసేముందు బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మార్చండి. లివర్ రాకపోతే బలవంతం చేయొద్దు, బండిని ఒక అడుగు కదిలించి మళ్లీ ప్రయత్నించండి. ఇంకో మాట: ఇవన్నీ పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండ్లు. పొడి తారురోడ్డు మీద ఫోర్ హైలో కూడా నడపకూడదు. మలుపుల్లో ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరు వేగాలతో తిరగాలి, అందుకు వీలు లేక గేర్లన్నీ ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి.

రెండో అడుగు: దిగి నడవండి

మా మామయ్య పాత మహీంద్రా జీపులో పవర్ స్టీరింగ్ లేదు, ఏ దీపమూ లేదు. వాగు కనిపిస్తే చాలు, ఆయన బండి ఆపి, చెప్పులు విప్పి, కర్ర పట్టుకుని అవతలికి నడిచి వచ్చేవాడు. అప్పుడు నాకు విసుగొచ్చేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

నడిచేటప్పుడు చూడాల్సింది నాలుగు చక్రాల దారి. ముందు చక్రాలు ఎక్కడ పోతాయో అందరూ చూస్తారు. వెనక చక్రాలు మలుపులో లోపలికి కోసుకుని పోతాయన్నది మరచిపోతారు. రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. థార్ కింద ఖాళీ 226 మిల్లీమీటర్లు, జిమ్నీ కింద 210. అంటే జానెడు కంటే ఎక్కువ లేదు. అందుకే పెద్ద రాయిని బండి కిందికి కాకుండా టైరు కిందికి తీసుకోండి. టైరు రాయి ఎక్కితే ఇరుసూ దానితోపాటే పైకి లేస్తుంది. లోతైన గాళ్లు పడిన బాటలో వీలైతే ఒక పక్క చక్రాలు మధ్య దిబ్బ మీద, ఇంకో పక్కవి గట్టు మీద నడపండి.

అనుమతి సంగతీ ఇక్కడే తేల్చుకోండి. రిజర్వు అడవిలోకి, పైరున్న పొలంలోకి బండి దించకండి. మన కోస్తాలో చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, ఆ తీరాల జోలికి పోవద్దు. బీడు భూమి ఉన్న రైతును అడిగితే చాలాసార్లు సరే అంటారు, పడిన గాళ్లు మీరే పూడ్చి రావాలి.

మూడో అడుగు: టైర్ల గాలి తీయండి

ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చేది ఇంకేదీ లేదు. రోడ్డు మీద 30 పీఎస్ఐకి అటూ ఇటూ ఉండే గాలిని రాళ్ల బాటలో 22 దాకా, ఇసుకలో 15 నుంచి 18 దాకా దించండి. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. ఇసుకలో కోసుకుపోకుండా తేలుతుంది, రాయి మొనను చుట్టుకుని పట్టుకుంటుంది. 15 కంటే కిందికి మామూలు రిమ్ముల మీద వెళ్లొద్దు, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. గాలి తీశాక వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వకండి, స్టీరింగ్ గబుక్కున తిప్పకండి. గాలి మీటరు, సిగరెట్ లైటర్‌కు తగిలించుకునే చిన్న పంపు బండిలో ఎప్పుడూ ఉండాలి.

గాలి నిండుగా ఉన్న టైరుతో ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రాన్ని అదుపు చేసే ఏర్పాటు) పదిసార్లు జోక్యం చేసుకున్న చోట, గాలి తీశాక దాని దీపం ఒక్కసారి కూడా వెలగకుండా దాటిన సందర్భాలు చాలా చూశాను.

నాలుగో అడుగు: సాయాలు ఆపి పాదానికి పాఠం చెప్పండి

చదునైన బీడులో, ఎవరూ లేని చోట ఈ సాధన చేయండి. జానెడులో సగం ఎత్తున్న బండరాయి ఒకటి చాలు. మా వైపు తాండూరు బండల ముక్కలకు కరువు లేదు, మీ వైపు సిమెంటు దిమ్మె దొరికినా సరే. ఫోర్ లో మొదటి గేరులో మెల్లగా వచ్చి, ముందు ఎడమ చక్రాన్ని సరిగ్గా ఆ రాయి మీదికి ఎక్కించి ఆపాలి. దాటిపోకూడదు, ఎక్కకముందే ఆగకూడదు.

మొదటిసారి అందరూ దాటేస్తారు. రాయి తగలగానే బండి ఆగినట్టవుతుంది, భయంతో ఎక్కువ తొక్కుతారు, టైరు ఎగిరి అవతల దబ్బున పడుతుంది. చేయాల్సింది ఇదీ: టైరు రాయిని తాకిన క్షణం కుడిపాదం ఒక వెంట్రుకవాసి నొక్కి అక్కడే నిలపండి. ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది, బానెట్ నెమ్మదిగా లేస్తుంది. పైకి వచ్చిందని నడుముకు తెలియగానే బ్రేకు. దిగేటప్పుడు బ్రేకు మీదే మెల్లగా దింపండి. మాన్యువల్ గేరు బండిలో హాఫ్ క్లచ్‌తో నెట్టుకురావద్దు. మొదటి గేరు, ఫోర్ లో ఉన్నప్పుడు క్లచ్ పూర్తిగా వదిలేసినా బండి దానంతటదే పాకుతుంది. క్లచ్ వాసన వచ్చిందంటే మీ ఎడమకాలు చేయకూడని పని చేస్తోందని అర్థం.

స్టీరింగ్ పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం లోపల చుట్టొద్దు, పైన ఆనించండి. రాయి తగిలి స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగితే కడ్డీ వేలికి కొట్టుకుంటుంది. మామయ్య జీపులో ఆ దెబ్బ తిన్నాను, పవర్ స్టీరింగ్ బండిలోనూ ఆ అలవాటు మార్చుకోలేదు.

ఈ రాయి సాధన నాలుగు చక్రాలతోనూ, ముందుకూ వెనక్కూ, ఒక్కోటి పదిసార్లు చేయండి. ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది. మూడు నెలలు గుంపుల వెంట తిరిగినా రాని పాద జ్ఞానం ఆ ఉదయం వస్తుంది.

ఐదో అడుగు: చక్రం గాలిలో లేచినప్పుడు

ఇక్కడే ఎలక్ట్రానిక్స్ నిజమైన బలం చూపిస్తాయి, ఇక్కడే డ్రైవర్లు వాటిని పాడుచేస్తారు.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలం పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక చక్రం గాలిలో ఉంటే దాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కర్లేదు. అంతే బలం రెండోదానికీ అందుతుంది, అంటే ఏమీ అందదు. ఎదురుగుంతల్లో ఒక ముందు చక్రం, దానికి మూలగా ఉన్న వెనక చక్రం లేచిపోతే నాలుగు చక్రాల బండి కూడా కదలకుండా నిలబడిపోయేది ఇందుకే. బ్రేకు ఆధారంగా పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ అప్పుడు గాలిలో తిరుగుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. దాన్ని తిప్పడానికి ఇప్పుడు బలం కావాలి కాబట్టి నేల మీదున్న చక్రానికీ అంత బలం అందుతుంది.

దీనికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ముందు చక్రం గిర్రున తిరగాలి, సెన్సార్ గుర్తించాలి, పంపు ఒత్తిడి పెంచాలి. ఆ లోపు కింద కటకటమని చప్పుడు వస్తుంది, బండి వణుకుతుంది. ఏదో విరుగుతోందని కొత్త డ్రైవరు పాదం ఎత్తేస్తాడు. ఎత్తగానే చక్రం ఆగుతుంది, కంప్యూటర్ బ్రేకు వదిలేస్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇలా నాలుగుసార్లు చేసి "ఈ బండి పనికిరాదు" అంటారు.

మీరు చేయాల్సింది: ఇంజిన్‌ను నిమిషానికి 1500, 2000 చుట్ల మధ్య నిలిపి, పైకి "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టండి. పాదం కదపొద్దు. మూడు దగ్గర చాలాసార్లు బండి మెత్తగా ముందుకు వస్తుంది. కదిలాక కూడా అదే పాదం, పెంచొద్దు. గాలిలోని చక్రం నేలను తాకేటప్పుడు గిర్రున తిరుగుతూ ఉంటే యాక్సిల్ షాఫ్టు మీద పెద్ద దెబ్బ పడుతుంది. ఐదు లెక్కపెట్టినా కదలకపోతే ఆపేయండి, వెనక్కి వచ్చి చక్రాలు ఇంకో జానెడు పక్కగా పెట్టి చూడండి, లేదా గుంతలో రాళ్లు పేర్చండి.

లాక్ ఉన్న బండిలో ఈ ఎదురుచూపు ఉండదు. అయితే మీరే వేసుకునే లాక్‌ను గుంతలోకి దిగకముందే, బండి నిలబడి ఉండగా వేయాలి. చక్రం వేగంగా తిరుగుతుండగా వేస్తే పళ్లు విరుగుతాయి. ముందు లాక్ వేస్తే స్టీరింగ్ మొద్దుబారుతుంది. పక్కకు వాలిన తడి నేల మీద లాక్ వేసుకుంటే వెనక రెండు చక్రాలూ ఒకేసారి జారి, బండి మొత్తం పల్లంవైపు పక్కకు పోతుంది. అక్కడ లాక్ లేకపోవడమే మేలు.

ఆరో అడుగు: ఎత్తు ఎక్కడం, దిగడం

ఎక్కేముందు ఎక్కలేకపోతే ఏం చేయాలో తేల్చుకుని ఎక్కండి. ఎప్పుడూ నిటారుగా, ఏటవాలుకు ఎదురుగా వెళ్లండి. మధ్యలో బండి ఆగిపోతే బ్రేకు గట్టిగా తొక్కి నిలపండి. హిల్ హోల్డ్ (వాలు మీద బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచేది) ఉంది కదా అని ధీమా వద్దు, అది సాధారణంగా రెండు సెకన్లే పట్టుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, రివర్స్ వేసి, ముందు చక్రాలు నిటారుగా ఉన్నాయని చూసుకుని, క్లచ్ పూర్తిగా వదిలి, ఇంజిన్ పట్టు మీద వచ్చిన దారినే వెనక్కి దిగండి. మధ్యలో బండి తిప్పాలన్న ఆలోచన ఎంత గట్టిగా వచ్చినా తిప్పొద్దు. అడ్డం తిరిగిన బండి పల్టీ కొడుతుంది, దాన్ని ఆపే బటన్ ఏ బండిలోనూ లేదు.

దిగేటప్పుడు దానంతటదే బ్రేకు వేసి వేగాన్ని అదుపు చేసే హిల్ డిసెంట్ కంట్రోల్ గురించి ఒక చిన్న చరిత్ర చెప్పాలి. ఇది మొదట 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌లో వచ్చింది. ఆ బండికి లో రేంజి గేరు లేదు, ఇంజిన్ పట్టు చాలదు, ఆ లోటు తీర్చడానికి ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పంపుతో బ్రేకులు వేసే ఏర్పాటు చేశారు. అంటే ఈ బటన్ పుట్టిందే గేరు లేనిచోట గేరుకు బదులుగా. మీ బండిలో ఆ గేరు ఉంది. ముందు దాన్ని వాడండి: ఫోర్ లో, మొదటి గేరు, రెండు పాదాలూ కింద, క్లచ్ జోలికి అసలు పోవద్దు. బండి నడక వేగంతో దిగుతుంది.

వదులు మొరం మీద దిగుతుండగా వెనకభాగం పక్కకు జారుతున్నట్టు అనిపిస్తే మనసు బ్రేకు తొక్కమంటుంది. చేయాల్సింది దానికి విరుద్ధం. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కండి, చక్రాల వేగం బండి వేగాన్ని అందుకోగానే పట్టు తిరిగొస్తుంది, బండి నిటారవుతుంది. ఈ ఒక్కటీ చిన్న వాలు మీద పదేపదే సాధన చేయండి, పెద్ద వాలు మీద ఆలోచించే సమయముండదు.

ఇది వచ్చాక డిసెంట్ కంట్రోల్ ఆన్ చేసి అదే వాలు దిగి చూడండి. ఒక విషయంలో అది మనల్ని మించుతుంది: ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయగలదు, మన పాదం నాలుగింటికీ కలిపే వేస్తుంది. మెట్లు మెట్లుగా ఉన్న రాతి వాలులో, ఆటోమేటిక్ గేరు బండిలో నేను దాన్ని సంతోషంగా వాడతాను. కిలోమీటర్ల పొడవు దిగుడుకు మాత్రం గేరే మంచిది, బ్రేకులు వేడెక్కవు.

ఏబీఎస్ సంగతి కూడా గుర్తుంచుకోండి. వదులు కంకర మీద లాక్ అయిన చక్రం ముందు కంకర కుప్పగా పోగై బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఆ కుప్ప పోగవనివ్వదు, కాబట్టి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. స్టీరింగ్ మాత్రం మీ చేతిలో ఉంటుంది. కంకర మీద ముందు బండికి మామూలు కంటే రెండింతలు ఎడం పాటించండి.

ఏడో అడుగు: ఇసుక, రేగడి, నీళ్లు

ఇసుకలో ఊపే ప్రాణం. ఈఎస్పీ మధ్యలో శక్తి కోసేస్తే ఊపు పోయి బండి అక్కడే కూర్చుంటుంది, అందుకే దిగకముందే ఆఫ్ చేయండి. కొన్ని బండ్లలో ఫోర్ లో వేస్తే అదే ఆఫ్ అవుతుంది, కొన్నింటిలో వేగం పెరిగితే మళ్లీ ఆన్ అవుతుంది. మాన్యువల్‌లో ఉంటుంది, చూడండి. ఆపాల్సి వస్తే బ్రేకు వేయకుండా, పల్లం వైపు ముఖం పెట్టి దానంతటదే ఆగనివ్వండి. చక్రాలు తిరుగుతూ బండి కదలడం లేదంటే ఆ క్షణమే పాదం ఎత్తండి. ఇంకో నాలుగు చుట్లు తిరిగితే ఇరుసు ఇసుకమీద కూర్చుంటుంది. దిగి పారతో టైర్ల ముందు వాలుగా తవ్వి, 15 కంటే కిందికి పోకుండా ఇంకో రెండు పాయింట్ల గాలి తీసి, వచ్చిన గాళ్లలోనే వెనక్కి రండి.

రేగడి గురించి మొదట్లోనే చెప్పాను. అక్కడ ఇసుకకు విరుద్ధంగా టైరు కొంత తిరగాలి. ఒక జాగ్రత్త: వాన పడి పైపొర మాత్రమే తడిసిన రేగడిలో తిప్పితే కింద గట్టినేల దొరుకుతుంది. వారం రోజులు నానిన రేగడిలో ఎంత తిప్పినా కిందికే పోతారు. కర్ర గుచ్చి చూడండి, జానెడు దాటి దిగితే ఆ బాట వదిలేయండి.

పారే నీటి విషయంలో బేరం లేదు. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని కంపెనీ చెప్పే లెక్క నిలకడ నీటికి. వేగంగా పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది, రెండడుగులుంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. తేలిన టైరుకు బరువుండదు, బరువు లేని టైరు మీద ఏ కంప్యూటరూ ఏమీ చేయలేదు. లోలెవల్ వంతెన మీద నీరు పొర్లుతుంటే వెనక్కి తిరగండి. నిలకడ నీటిలో అయితే నడిచి చూశాక, ఫోర్ లో మొదటి లేదా రెండో గేరులో, ముందు చిన్న అల లేచేంత వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా దాటండి. ఇంజిన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు ఛాసిస్‌కు బిగించిన టో హుక్‌కే తాడు వేయండి. ట్రైలర్ తగిలించే గుండుకు ఎన్నడూ వేయొద్దు. అది విరిగి ఎగిరితే ప్రాణాలు పోతాయి. తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, మనుషులందర్నీ తాడు పొడవుకు రెండింతల దూరం పంపండి.

తిరిగి తారు ఎక్కేముందు

గట్టినేల మీద ఆపి బండి చుట్టూ తిరగండి. చక్రాల వెనక ఏబీఎస్ సెన్సార్ల దగ్గర మట్టి గడ్డకట్టి ఉంటే సీసా నీళ్లతో మెత్తబరిచి కడగండి, పుల్లతో పొడవొద్దు. ఆ మట్టి వల్లే ఈఎస్పీ, ఏబీఎస్ దీపాలు వెలిగి, హైవే మీద అవి నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకుండా పోతాయి. రిమ్ము లోపల ఒకవైపు పట్టిన రేగడి పెళ్లను గీరేయండి, లేకపోతే 60 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. నాలుగు టైర్లలో గాలి మళ్లీ నింపండి. లివర్‌ను టూ హైకి తెచ్చి, ఈఎస్పీ ఆన్ చేసి, మొదటి వంద గజాల్లో రెండుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి తడి ఆరనివ్వండి. బ్రేకు ఒకవైపు లాగితే ఆగి, ఆ వైపు చక్రం మళ్లీ చూడండి.